ప్రకటనల్లో అందరూ బంధువులే

నేను న్యూజెర్సీలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఫిజియోథెరపిస్టుని. పొద్దున్న మొదటి గదిలో అడుగుపెట్టింది మొదలు సాయంత్రం దాకా చెవిలో టీవీ మోగుతూనే ఉంటుంది. గదికో చానల్. ఏ చానల్ అయినా మధ్యలో మందుల ప్రకటనలు తప్పవు. డాక్టర్ చీటీ లేనిదే దొరకని మందుల్ని కూడా ఇక్కడ టీవీలో చూపించి ఊరిస్తారు. 1997లో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు సడలించాక ఇవి మరీ ఎక్కువయ్యాయి.

ఆ ప్రకటనల్లో కుటుంబాలను చూడాలి. నల్లజాతి తాతయ్య, తెల్ల కోడలు, ఉంగరాల జుట్టు మనవరాలు, పక్కింటి చైనా దంపతులు, అందరూ ఒకే పెరట్లో. వెనక నుంచి ఒక గొంతు ‘కాలేయం దెబ్బతినొచ్చు, ప్రాణాపాయం ఉండొచ్చు’ అని గబగబా చదివేస్తుంటే, వీళ్లు కుక్కపిల్లకి బంతి విసురుతూ నవ్వుతుంటారు.

ఇంతదాకా రావడానికి ఈ దేశానికి చాలా కాలమే పట్టింది. జాతులు కలిసిన పెళ్లిళ్లను నిషేధించే రాష్ట్ర చట్టాలను సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో. 2013లో కూడా పొద్దున్నే పాలల్లో వేసుకు తినే సీరియల్ చీరియోస్ ప్రకటనలో తెల్ల అమ్మ, నల్ల నాన్న, వాళ్ల చిన్నారి కనిపించినందుకే యూట్యూబ్‌లో జనం విషం కక్కారు. కంపెనీ కామెంట్లు మూసేసింది. అయినా తగ్గలేదు, మరుసటి ఏడాది అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో అదే కుటుంబాన్ని మళ్లీ చూపించింది.

మా పేషెంట్ ఒకాయన, తెల్లాయన, మొన్న టీవీ వైపు చెయ్యి విసిరి “ఈ మధ్య ఏ యాడ్ చూసినా ఇదే గోల” అన్నాడు. అప్పుడాయన నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని లేపుతున్నది నేను. వంగి ఆయన కాళ్లకి చెప్పులు తొడుగుతున్నది హైతీ నుంచి వచ్చిన ఎయిడ్, అంటే నర్సులకి సాయం చేసే ఆవిడ. ఆమె నా వైపు చూసింది. నేను వాకర్ వైపు చూశాను. ఆయన సొంత మనవలు ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు.

దేవుడి సంగతి వేరు. ప్రకటనల్లో ఎవరికీ మతం ఉండదు. డిసెంబర్‌లో చెట్టు, గిఫ్టులు ఉంటాయి గానీ ఏసు కనిపించడు. మా గదుల్లో చూస్తే మంచానికో జపమాల. మదర్ ఏంజెలికా అనే నన్ 1981లో అలబామాలో పెట్టిన క్యాథలిక్ చానల్ ఈడబ్ల్యూటీఎన్‌లో పూజ నడుస్తుంటే ఒక పెద్దావిడ ససేమిరా కాలు కదపదు. నా షెడ్యూలంతా ఆ పూజ చుట్టూనే తిరుగుతుంది.

ఇక మన సంగతి. 1990 నుంచి ‘ద సింప్సన్స్’ కార్టూన్‌లో కొట్టు నడిపిన భారతీయుడు అపూకి గొంతిచ్చిన హ్యాంక్ అజారియా అనే తెల్లాయన 2020లో ఆ పాత్ర మానేశాడు. నేను వచ్చిన కొత్తలో పేషెంట్లు “మీవాళ్లకి స్టోర్ ఉందా?” అనడిగేవారు. ఇప్పుడు నా చేతికి ఫోనిచ్చి “వైఫై రావట్లేదు, చూడు” అంటున్నారు. ప్రమోషన్ అనుకోవాలి.

రాత్రి ఇంటికొచ్చి తెలుగు చానల్ పెడితే అక్కడా ప్రకటనలే. ప్లాట్లు, నగలు, వీసా లాయర్లు. పట్టుచీరలో అమ్మ, కుర్తాలో నాన్న, ఇద్దరు పిల్లలు, అందరూ పచ్చని ఛాయ. అమెరికాలో తీసిన యాడే అయినా ఒక తెల్లాయన కనిపిస్తాడంటే అది ఇళ్ల లోన్‌ది, అదీ చేతులు జోడించి వచ్చీరాని ‘నమస్కారం’ చెప్పడానికి. నల్లవాళ్లు మా వీధి నిండా ఉన్నారు. ఆ యాడ్స్‌లో మాత్రం నాకింతవరకూ ఒక్కరూ తగల్లేదు.