ఉంగరం ఇరుకైనప్పుడే అడగాల్సింది

ముందు ఉంగరం ఇరుకైంది. లావయ్యాననుకుని సబ్బు రాసి లాగి బీరువాలో పెట్టేశాను. చెప్పులు రెండు నంబర్లు పెరిగాయి. రాత్రి గురక, ఊరికే కూర్చున్నా చెమట, తెల్లారేసరికి వేళ్ల తిమ్మిర్లు. తిమ్మిర్లకు ఒక డాక్టరు, బీపీకి ఇంకొకరు. ఐదేళ్లు అలాగే గడిచాయి.

పట్టుకున్నది పళ్ల డాక్టరు. నా కింది పళ్ల సందులు చూసి, "దవడ ముందుకొస్తోందమ్మా, పాత ఫోటో ఏదైనా ఉందా?" అన్నారు. ఫోన్లో పెళ్లి ఫోటో చూపించాను. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు, చీటీ రాసిచ్చారు. రోజూ చూసే ఇంట్లోవాళ్లకు ఆ మార్పు తెలియలేదు, అద్దంలో నాకూ తెలియలేదు.

ఒంటిని పెంచే గ్రోత్ హార్మోన్ ఎక్కువైందేమోనని మొదట ఐజీఎఫ్-1 రక్తపరీక్ష. గ్రోత్ హార్మోన్ రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూస్తే ఏమీ తేలదు. దానివల్ల కాలేయంలో తయారయ్యే ఐజీఎఫ్-1 మాత్రం నిలకడగా ఉంటుంది. నా వయసుకు ఉండాల్సినదానికి నాది రెట్టింపు పైనే. తర్వాత పరగడుపున 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీశారు. మామూలు మనిషికైతే గ్రోత్ హార్మోన్ మిల్లీలీటరు రక్తానికి 1 నానోగ్రాము కన్నా కిందికి పడిపోవాలి. నాకు పడలేదు. జబ్బు పేరు ఎక్రోమెగలీ అన్నారు, గ్రోత్ హార్మోన్ ఎక్కువై పెద్దయ్యాక కూడా చేతులు, పాదాలు, దవడ పెరిగే జబ్బు. ఎమ్మారైలో, మెదడు కింద ఉండి ఈ హార్మోన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథిలో 14 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది. క్యాన్సర్ కాదని చెప్పేదాకా నేను ఇంకేమీ వినలేదు.

ఆపరేషన్ ముక్కులోంచే చేశారు. ఆ తర్వాతి రోజులే కష్టం. ముక్కు చీదకూడదు, వంగకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, తాగిన నీళ్లూ పోసిన మూత్రమూ కొలిచి రాయాలి. ముక్కులోంచి నీళ్లలా కారితే మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, వెంటనే చెప్పమన్నారు. ప్రతి చుక్కకూ భయపడి నర్సును పిలిచాను. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు, అది మర్చిపోలేను.

మూడో రోజుకే వేళ్ల వాపు తీసింది. 12 వారాలకు ఐజీఎఫ్-1 బాగా తగ్గింది గానీ మామూలుకు రాలేదు. రక్తనాళం పక్కన గడ్డ కొంచెం మిగిలిపోయింది. అందుకే ఇప్పుడు 28 రోజులకోసారి గ్రోత్ హార్మోన్ తగ్గించే లాన్‌రియోటైడ్ ఇంజెక్షన్. చెమట ఆగింది, గురక తగ్గింది. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి రాదు, దవడ అలాగే ఉంది.

ఉంగరాలూ చెప్పులూ రెండూ ఇరుకవుతుంటే బరువు మీదకు తోసేయకండి, ఐజీఎఫ్-1 చేయించమని మీరే అడగండి. నాకు వచ్చే నెల మళ్లీ ఆ పరీక్ష ఉంది. దాంతోపాటు పెద్దపేగు కూడా చూపించుకోమన్నారు, ఈ జబ్బున్నవాళ్లకు అక్కడ పాలిప్స్ (లోపలి గోడ మీద చిన్న కండ బుడిపెలు) ఎక్కువగా వస్తాయట.