వ్యాన్‌లో వంట, నాలుగో వారం: తొమ్మిదో నిమిషానికి ఆగిపోయే కుక్కర్

అన్నం ఉడికింది! నిన్న మధ్యాహ్నం మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో మా మారుతీ ఈకో వ్యాన్ వెనక డోర్ ఎత్తి పెట్టుకుని, పొడిపొడిగా ఉన్న అన్నంలో గోంగూర కలుపుకుని తిన్నాం. పప్పు పొద్దున ఇంట్లో వండిందే. అయినా అన్నం పొగలు కక్కుతోందిగా, చాలు.

పనికి తిరిగే వ్యాన్‌లోనే బ్యాటరీ మీద వండుకోవాలని నా ప్రయత్నం. సామాను పాతదే: 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దాని కరెంటుని ఇంటి కరెంటులా మార్చే 1000 వాట్ల ఇన్వర్టర్, 700 వాట్ల ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. చిన్న గ్యాస్ స్టవ్వు పెట్టుకుంటే పోయేదిగా అని మళ్లీ అడగొద్దు. నాది ఏసీల పని. వ్యాన్‌లో ఎప్పుడూ ఏసీల్లో నింపే ఆర్32 గ్యాస్ సిలిండర్లు ఒకటో రెండో ఉంటాయి. అది మొండిగానైనా అంటుకునే గ్యాసే. దాని పక్కన మంట పెట్టుకుని పులుసు కాచుకునేంత ధైర్యం నాకు లేదు.

ఇక జరిగింది చెప్తా. కుక్కర్ ఆన్ చేస్తే బాగానే మొదలయ్యేది. నీళ్లు సలసల కాగేవి. సరిగ్గా తొమ్మిదో నిమిషానికి ఇన్వర్టర్ కుయ్యోమని అరవడం, ఇంకాసేపటికి ఆగిపోవడం. బ్యాటరీ చూస్తే 60 శాతం పైనే ఉంది. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ ఆన్ చేస్తే నడిచేది, మళ్లీ ఆగేది. ఇలా మూడు విడతల్లో ఉడికిన సోనామసూరి పైన పలుకు, అడుగున ముద్ద. మా హెల్పర్ కుర్రాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అన్నా, గిది తినుడు కంటే బియ్యం బుక్కుడు నయం" అన్నాడు.

ముందు ఇన్వర్టర్‌ని తిట్టుకున్నా. తర్వాత బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కట్ చేస్తోందేమో అనుకున్నా. కానీ అదే కట్ చేస్తే ఇన్వర్టర్ లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోవాలి, అరవడానికి ప్రాణమెక్కడిది? అరుస్తోందంటే దానికి అందే వోల్టేజీ తగ్గుతోందన్నమాట. 10.5 వోల్టులకు పడిపోతే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది.

ఆంపియర్లు చూద్దామంటే నా క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) సున్నా చూపిస్తుంది. ఏసీ మెషీన్ల పనికి కొన్నది, ఇంటి కరెంటే కొలుస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కొలవదు. ఫ్రెండ్ దగ్గర డీసీ క్లాంప్ తెచ్చి పెడితే 76 ఆంపియర్లు. ఆగిపోయే క్షణంలో బ్యాటరీ దగ్గర 12.7 వోల్టులు, ఇన్వర్టర్ బోల్టుల దగ్గర 10.5. మధ్యలో 2.2 వోల్టులు ఎవరో తినేస్తున్నారు.

దొంగ కేబులే అని తీర్మానించేశా. 16 స్క్వేర్ ఎంఎం అని అమ్మినది బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసింది: రాగి పూత పూసిన అల్యూమినియం. రాణిగంజ్ వెళ్లి 25 స్క్వేర్ ఎంఎం అసలు రాగి కేబుల్, కేబుల్ చివర్లకు బిగించే డోవెల్స్ కంపెనీ లగ్గులు తెచ్చా. సుత్తితో కొట్టిన లగ్గులన్నీ పీకేసి లగ్గుని గట్టిగా నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపర్‌తో మళ్లీ వేశా. (సుత్తితో కొట్టినా చాలు అనే మేస్త్రీలతో ఇక వాదించను, మీటర్ చూపిస్తా.) ఇంత చేస్తే ఏమైంది? తొమ్మిది నిమిషాల బదులు పద్నాలుగు నిమిషాలకు ఆగింది. ఆ రోజు కుక్కర్‌ని సెల్లార్లోనే వదిలేసి పోదామనిపించింది.

ఆదివారం ఓపిగ్గా కూర్చున్నా. కుక్కర్ నిండా ఉత్త నీళ్లు పోసి, ఆన్ చేసి, మీటర్ రెండు పుల్లలూ ఒక్కో అతుకుకి అటూ ఇటూ ఆనించి, రెండేసి నిమిషాలకోసారి రాసుకున్నా. ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయంటే: కొత్త కేబుల్ రానూపోనూ నాలుగు మీటర్లకు 0.23. లగ్గులన్నీ కలిపి 0.15. ఫ్యూజ్ హోల్డర్ 0.25, ఇది కాస్త ఎక్కువే. మిగిలింది ఎర్ర తాళంచెవి తిప్పి బ్యాటరీని విడదీసే కట్-ఆఫ్ స్విచ్చి: మొదట్లో 0.4, ఎనిమిదో నిమిషానికి 1.0, పద్నాలుగుకి 1.5. అప్పుడు కరెంటు 74 ఆంపియర్లు. 1.5 ఇంటూ 74, అంటే 111 వాట్లు. గుప్పిట్లో పట్టే డబ్బాలో నూరు క్యాండిల్ బల్బు పెట్టినట్టు. వేలు ఆనిస్తే చురుక్కుమంది, తాళంచెవి ప్లాస్టిక్ మెత్తబడి పక్కకు ఒరిగింది. వేడెక్కే కొద్దీ అతుకు వదులై, వదులయ్యే కొద్దీ ఇంకా వేడెక్కి ఉంటుందని నా అనుమానం. ఆ తొమ్మిది నిమిషాల లెక్క అలాగే కుదురుతుంది.

విప్పి అయస్కాంతం పెడితే లోపలి బిళ్ల టక్కున అతుక్కుంది. పైన 200 ఆంపియర్లని అచ్చు, లోపల ఇనుము మీద పసుపు పూత.

స్విచ్చి తీసేసి కేబుల్ నేరుగా ఫ్యూజ్‌కి కలిపితే ఇన్వర్టర్ దగ్గర 12 వోల్టుల పైనే నిలబడింది. 24 నిమిషాల్లో అన్నం అయిపోయింది.

కానీ ఇప్పుడు కట్-ఆఫ్ లేదు, 125 ఆంపియర్ల ఫ్యూజ్ ఒక్కటే దిక్కు. వ్యాన్‌లో అలా ఎక్కువ రోజులు తిరగడం నాకిష్టం లేదు. ఈ వారం కోఠి గుజరాతీ గల్లీలో ఇత్తడి బిళ్లలున్న స్విచ్చి వెతకాలి, జేబులో అయస్కాంతం వేసుకుని మరీ. ఫ్యూజ్ హోల్డర్ కూడా మార్చేస్తా.

ఇండక్షన్ పెట్టమని చెప్పేవాళ్లకు: చవక స్టవ్వులు తక్కువలో పెట్టినా ఎక్కువ వాట్లే లాగి, ఆగి, మళ్లీ లాగుతాయి. నా వెయ్యి వాట్ల ఇన్వర్టర్ రెండు సెకన్లు కూడా ఓర్చుకోలేదు. ఈ కుక్కర్లో ఒక్క పూట అన్నానికి 26 ఏహెచ్ దాకా పోతోంది. బండి నడుస్తుంటే బ్యాటరీని నింపే 20 ఆంపియర్ల డీసీ ఛార్జర్ బిగిస్తే గంటన్నర లోపు తిరుగుడుతో తిరిగొచ్చేస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా మాకు అంతకంటే ఎక్కువ తిరుగుడే ఉంటుంది. రూఫ్ మీద సోలార్ ఆలోచన ఉంది గానీ నిచ్చెన ఎక్కడ కట్టాలో తెలీట్లేదు. అంతకంటే ముందు పప్పు. కందిపప్పు గంట నానబెట్టి ఇదే కుక్కర్లో వేసి చూశా, నురగంతా మూతలోంచి పొంగి టూల్ బ్యాగ్ మీద పడింది. ఈసారి పెసరపప్పుతో, సగం గిన్నెకు మించకుండా చూస్తా.