పిలిచిన ఇంటికి వంట మోసుకెళ్లే ముందు

చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్లకూడదని మా తిరుపతిలో పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు, ఆ మాటను నేను ఈనాటికీ పాటిస్తాను. అయితే విందుకు పిలిచిన వారితో ఒక్క మాటైనా చెప్పకుండా, వండిన కూర గానీ, బిర్యానీ గానీ, కూల్‌డ్రింకు సీసాలు గానీ తెచ్చి నేరుగా వడ్డన బల్ల మీద పెట్టడం ఆ మర్యాద కిందికి రాదని నా గట్టి అభిప్రాయం.

రెండేళ్ల కిందట పెరటాసి నెలలో ఒక శనివారం మా ఇంట్లో తళిగ వేశాము, అంటే వేంకటేశ్వరస్వామికి వంటలు నైవేద్యం పెట్టాము. సెప్టెంబరు మధ్యలో మొదలై అక్టోబరు మధ్య దాకా సాగే ఈ నెలలో మా వైపు చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. ఉదయం నుంచి ఉపవాసం ఉన్న అమ్మ, సాయంత్రం వచ్చే ముప్పై మందికి పులిహోర, వడలు, పాయసం, పెరుగన్నం దగ్గరుండి చేయించింది. వేరే ప్రాంతం నుంచి వచ్చి చిత్తూరులో స్థిరపడిన మా మిత్రుల కుటుంబం ఎంతో ప్రేమతో పెద్ద గిన్నె నిండా కోడి బిర్యానీ వండి తెచ్చారు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. నా భార్య ఆ గిన్నెను మెల్లగా పెరటి వైపు తీసుకెళ్లింది. భోజనాలు ముగిసేదాకా దాని మూత ఎవరూ తీయలేదని గమనించిన, బిర్యానీ వండి తెచ్చిన ఆ తల్లి ముఖం చిన్నబోవడం నేను చూశాను. పిలిచేటప్పుడే ఇంటి పద్ధతి చెప్పి ఉండాల్సింది నేను. తెచ్చే ముందు అడిగి ఉండాల్సింది వారు. ఒక ఫోను తక్కువై రెండు కుటుంబాలూ నొచ్చుకున్నాయి.

ఎవరి చేతి వంట ఎవరు తినవచ్చుననే పాత కులపు పట్టింపులను నేను ఇక్కడ సమర్థించడం లేదు, అవి పోవలసినవే. నేను చెప్పేది, విందు పెట్టే ఇల్లాలు వచ్చేవారి లెక్క, వారి ఆరోగ్యం, ఇంటి నియమం అన్నీ చూసుకొని వంట నిర్ణయిస్తుందని, అందులోకి చెప్పకుండా వచ్చిన వంటకం ఆమె శ్రమను పక్కకు నెడుతుందని. చక్కెర వ్యాధి ఉన్న పెద్దల ముందు తీపి పానీయాలు పెట్టినా, పిల్లల పుట్టినరోజుకు సంచిలో మద్యం తెచ్చినా ఇబ్బంది పడేది ఆమే. పైగా చిత్తూరు నుంచి తిరుపతికి దాదాపు 70 కిలోమీటర్లు. వండిన పదార్థాన్ని మామూలు వేడిలో రెండు గంటలకు మించి, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటకు మించి ఉంచకూడదు. మన ఎండల్లో మూత బిగించి తెచ్చిన అన్నం చూడటానికి బాగున్నా, వడ్డించే వేళకు చెడు చేసే స్థితికి చేరవచ్చు.

తెచ్చినదాన్ని ఆదరంగా అందుకోవడం ఇంటివారి ధర్మం. అప్పటికప్పుడు అందరికీ వడ్డించి తీరాలన్న నియమం మాత్రం లేదు, తెచ్చినవారు కూడా దానిని ఆశించకూడదు.

చావు జరిగిన ఇంటి సంగతి వేరు. అక్కడ పొయ్యి వెలగదు కాబట్టి ఇరుగుపొరుగు వారు అడగకుండానే అన్నం వండి తెస్తారు, అలా తేవడమే సరైనది. ఆ ఇంట్లో వంట భారం మోసే స్థితిలో ఎవరూ ఉండరు. విందు జరిగే ఇంట్లో ఆ భారాన్ని ఒకరు ఇష్టంగా నెత్తిన వేసుకొని ఉంటారు. మన పెద్దలు శుభకార్యాలకు పళ్లు, పూలు, తమలపాకులు, అరటి గెల, బియ్యం పట్టుకెళ్లేవారు. ఇప్పుడు ఆలోచిస్తే, వాటిలో ఏదీ ఆ పూట ఆ ఇంటి వంటకు అడ్డు వచ్చేది కాదని అర్థమవుతుంది.

బంగారుపాళ్యంలో ఉండే మా మేనత్త ఏ కార్యానికైనా రెండు రోజుల ముందే ఫోను చేసి, “అమ్మాయీ, ఏమన్నా చేసి ఎత్తుకొని రావాల్నా, వద్దా?” అని నా భార్యను అడుగుతుంది. మొన్న జూన్‌లో మా గృహప్రవేశానికి వంట ఏదీ వద్దన్నాము. ఆమె గడ్డి పరిచిన బుట్టలో పచ్చి మామిడికాయలు తెచ్చి, వంటింటి వైపు కూడా చూడకుండా మంచం కింద పెట్టి, “ఇవి మాగేదానికి నాలుగు దినాలు పడతాది, అందరూ పోయినాక మీరు తినండి” అని చెప్పి, వచ్చి మాతో పాటు పంక్తిలో కూర్చుంది.