ఎడమ మూల ఇంకా మొండికేస్తూనే ఉంది

పోలరాయిడ్ నలుపు-తెలుపు ప్యాక్‌లో టోన్లు బాగా పలికాయి, ఫ్లాష్ ఎక్స్‌పోజర్ కుదిరింది. మంచి కబుర్లు ఇంతే. చికాకంతా ఫోటో ఎడమ పై మూలతోనే.

తీసిన వెంటనే ఫోటో బయటికొచ్చే పోలరాయిడ్ 600 ఫిల్మ్ వేసే పాత బాక్స్ కెమెరా ఇది. ప్రతి ఫోటోలోనూ ఆ మూల బొమ్మ లేని త్రికోణం మిగులుతోంది: పై అంచు వెంబడి 17 మి.మీ., పక్క అంచు వెంబడి 11 మి.మీ. వెడల్పు అంచు ముందుగా బయటికొస్తుంది కాబట్టి, ఆ అంచులోని పాడ్ (డెవలపర్ పేస్టు సంచి) రోలర్ల మధ్య చితికాక పేస్టు ఆఖరున చేరేది పై అంచుకే. పాడ్‌లో ఉండేది కొలిచి నింపిన పేస్టు. రోలర్ల మధ్య సందు ఒక పక్క వెంట్రుకవాసి పెరిగినా ఆ పక్క పొర మందమై, చివరికొచ్చేసరికి పేస్టు చాలదు.

ముందు చలిని అనుమానించాం. కానీ కెమెరా, ఫిల్మ్ రెండూ 22 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. పోలరాయిడ్ చెప్పే హద్దు 13 నుంచి 28. పైగా చలి దెబ్బ అయితే ఫోటో మొత్తం పాలిపోవాలి, ఒక్క మూల కాదు. పాత ఫిల్మా అంటే, వేరే తయారీ తేదీ ఉన్న ప్యాక్‌లోనూ అదే మూల, అదే కొలత. రోలర్ ముఖానికి మురికి అంటితే మచ్చలు సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడతాయి. ఆ దూరాన్ని 3.14తో భాగిస్తే రోలర్ వ్యాసం రావాలి. ఇక్కడ అలాంటి వరస లేదు. ఫోటోను విదిలించమనే సలహా పనికిరాదు. అది తడి ప్రింట్లను ఆరబెట్టే కాలం నాటి అలవాటు. పేస్టు చేరని చోటికి విదిలిస్తే చేరదు.

దారి చూపింది కాగితం పరీక్ష. ప్యాక్ తీసేసి, తలుపు తెరిచి, సెంటీమీటరు వెడల్పు పల్చటి కాగితం ముక్కలు రోలర్ల రెండు చివర్లా దూర్చి లాగి చూడాలి. తలుపుకు ఎదురుగా నిలబడితే ఫోటో ఎడమ, రోలర్ ఎడమ ఒకటే. కుడి ముక్క బిగుసుకుంది, ఎడమది జారిపోయింది. భూతద్దంలో చూస్తే ఎడమ చివర, ఇరుసు కూర్చునే చోట, ఎండిన పేస్టు పెచ్చు కట్టి ఉంది. రోజూ తుడిచేది రోలర్ ముఖమే కాబట్టి ఇది కంటపడదు. పేస్టు ఘాటు క్షారం, గ్లవ్స్ తప్పనిసరి. తడి దూది పుల్లతో నానబెట్టి, చెక్క పుల్లతో గీకాలి. బ్లేడు వద్దే వద్దు. రోలర్ మీద గీత పడితే అది ప్రతి ఫోటోలోనూ కనిపిస్తుంది.

ఫలితం: త్రికోణం 6 × 4 మి.మీ.కి తగ్గింది. పోలేదు!

ఫ్యూజీఫిల్మ్ వారి ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఇన్‌స్టాక్స్ వాడేవాళ్లకు ఈ గోల అతిగా అనిపించవచ్చు. 1998లో వచ్చిన ఆ ఫిల్మ్ నిలకడకు పెట్టింది పేరు, రంగులూ శుభ్రం. మా దృష్టిలో మరీ శుభ్రం. పోలరాయిడ్ 2008లో ఫిల్మ్ తయారీ ఆపేశాక, నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఫ్యాక్టరీని నిలబెట్టినవాళ్లు పాత రసాయనాలు దొరక్క కొత్త ఫార్ములా కట్టాల్సి వచ్చింది. ప్యాక్‌కు పది ఫోటోలు ఉండేవి, ఇప్పుడు ఎనిమిదే. నెగటివ్ ఉండదు, పోయిన ఫ్రేమ్ పోయినట్టే. 1948లో పోలరాయిడ్ తొలి కెమెరా మోడల్ 95 అమ్మకానికి వచ్చినప్పుడు కాగితాన్ని రోలర్ల గుండా చేత్తో లాగేవారు. 1972 నాటి ఎస్‌ఎక్స్-70 కెమెరా ఆ పని మోటారుకు అప్పగించింది. చేతి తడబాటు తప్పింది గానీ, తప్పంతా రోలర్ మీద, స్ప్రింగుల మీద పడింది.

మిగిలిన అనుమానం ఎడమ స్ప్రింగు మీదే. రోలర్ వంగి ఉంటే సందు తిరుగుడు తిరుగుడుకీ మారి, ఖాళీ అంచు అలలుగా రావాలి. ఇక్కడ గీత గీసినంత తిన్నగా ఉంది. అందుకే తర్వాతి పని ఎడమ, కుడి స్ప్రింగులు తారుమారు చేయడం. త్రికోణం కుడి మూలకు మారితే స్ప్రింగే దొంగ, కొత్తది వేయాలి. మారకపోతే ఇరుసు గుంటలో ఇంకా పెచ్చు ఉన్నట్టు; రోలర్ పూర్తిగా ఊడదీయాల్సిందే. ఈలోగా పాడైన కలర్ ఫోటోలు పారేయకుండా ఎమల్షన్ లిఫ్ట్‌కు (బొమ్మ ఉన్న పల్చటి పొరను వేరే కాగితం మీదికి మార్చడానికి) పక్కన పెట్టాం: అంచులు కత్తిరించి, వెనక పొర ఊడదీసి, గోరువెచ్చటి నీళ్లలో వేసి, మందపాటి వాటర్‌కలర్ కాగితం మీదికి ఎత్తాలి.