పది షేర్లున్న వాటాదారు ఏజీఎం (కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశం)లో ఏం చేయగలడు: నా అనుభవం

మా విచారణ (క్యాథలిక్ చర్చి సంఘం) ట్రస్టు డబ్బుతో షేర్లు కొందామన్న ఆలోచన మొదట్లోనే ఆగిపోయింది. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక ట్రస్టు సొమ్ము ఎక్కడ పెట్టవచ్చో ఆదాయపు పన్ను చట్టం గీత గీసింది. బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్లు, మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కుదురుతాయి. మామూలు కంపెనీ షేర్లు కొంటే మినహాయింపుకే ముప్పు. అందుకే కాజీపేటలో మేం ఎవరి డీమ్యాట్ (షేర్లుండే ఖాతా)లో వాళ్లమే కొనుక్కున్నాం.

ఏవి కొనాలో తేల్చుకోవడానికి 2022లో వాటికన్ సామాజిక శాస్త్రాల అకాడమీ విడుదల చేసిన ‘మెన్సూరాం బోనమ్’ పత్రాన్ని పట్టుకున్నాం. గర్భస్రావం, అణ్వాయుధాలు, అశ్లీల చిత్రాల వ్యాపారాలకు దూరంగా ఉండమంటుంది. వాటాదారుగా కంపెనీని అడగమనీ చెబుతుంది. నాకు ఈ రెండోదే ముఖ్యం. పది షేర్లు అమ్ముకుంటే కంపెనీకి తెలియను కూడా తెలియదు.

అమెరికాలో 2,000 డాలర్ల షేర్లు 3 ఏళ్లు ఉంచుకున్నవాళ్లు తీర్మానం పెట్టవచ్చు. అక్కడి మఠకన్యలు దశాబ్దాలుగా చేస్తున్న పని అదే. మన 2013 కంపెనీల చట్టం సెక్షన్ 111 ప్రకారం దానికి ఓటు హక్కున్న మూలధనంలో పదో వంతు కావాలి. మనకది అందదు. మిగిలింది ప్రశ్న, ఓటు.

ప్రశ్నకు సరుకు వార్షిక నివేదికలోని బీఆర్‌ఎస్‌ఆర్ (కంపెనీ సామాజిక, పర్యావరణ బాధ్యతల నివేదిక)లో దొరుకుతుంది. విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు దాన్ని ఇవ్వాల్సిందే. అందులో మూడో సూత్రం కింద పని ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు, ఐదో సూత్రం కింద కనీస వేతనం ఉంటాయి. వేతనాల పట్టికలో పర్మనెంటువాళ్లు, కానివాళ్లు వేర్వేరు వరుసల్లో ఉంటారు. బొగ్గు, థర్మల్ కరెంటు మీద బతికే మన వైపు కాంట్రాక్టు కార్మికుల సంగతి అందరికీ తెలిసిందే, కాబట్టి నేను ముందు చూసేది ఆ రెండో వరుసే. నేను అడిగేదాంట్లో పేజీ నంబరు, అంకె, ఒకే ప్రశ్న, మొత్తం మూడు వాక్యాలు. అంతకు మించితే జవాబు దాటవేయడం వాళ్లకు సులువు.

తేదీల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. నోటీసు 21 రోజుల ముందు వస్తుంది. డీమ్యాట్‌లో పాత ఈమెయిల్ ఉంటే రాదు. కటాఫ్ తేదీ (ఓటు హక్కు ఎవరికో లెక్కించే రోజు) తర్వాత కొన్న షేర్లకు ఓటుండదు. ఈ-ఓటింగ్ సమావేశానికి ముందు రోజు సాయంత్రం 5 గంటలకు మూతపడుతుంది. ఒకసారి వేసిన ఓటు మార్చలేం. మాట్లాడేందుకు పేరు నమోదు చేసుకోవడం వేరే పని, దాని గడువు నోటీసులోనే ఉంటుంది. పేరు నమోదైనా పిలుపు రాకపోవచ్చు. అందుకే అదే ప్రశ్నను డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ (డీమ్యాట్ ఖాతా నంబర్లు)తో కంపెనీ సెక్రటరీకి ముందే మెయిల్ చేస్తాను.

ట్రస్టు చేతులు పూర్తిగా కట్టేసినట్టు కాదు. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు అన్ని తీర్మానాల మీదా ఓటేయాలి, మూడు నెలలకోసారి కారణంతో సహా వెల్లడించాలి. ఆ జాబితా ఫండ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఏ ఓటు ఎందుకలా వేశారని యూనిట్లున్న ట్రస్టు ఉత్తరం రాసి అడగవచ్చు. మా ఫైనాన్స్ కమిటీకి ముందుగా నేర్పింది ఆ జాబితా చదవడమే.