మా షెడ్డు ధాన్యం మెషిన్‌కే ఇచ్చాం

రాజాంలో మా షెడ్డుని ఈసారి ధాన్యం క్లీనింగ్ మెషిన్ పెట్టుకుంటామన్న కుర్రాళ్ళకే అద్దెకిచ్చాం, ఎరువుల గోడౌన్‌కి అడిగినోళ్ళు ఎక్కువ ఇస్తామన్నా సరే. ఏటంటే కోత మెషిన్లొచ్చేక వడ్లలో గడ్డి, తాలు, మట్టిబెడ్డలు బాగా కలిసొస్తన్నాయి, ప్రభుత్వం కొనేటప్పుడేమో మట్టీ రాళ్ళూ 1 శాతం, గడ్డీ పొట్టూ 1 శాతం దాటకూడదు, తేమ 17 శాతం లోపుండాలి.

ఈ మెషిన్‌లో పై జల్లెడ గడ్డినీ పెద్ద బెడ్డల్నీ ఆపుద్ది, కింద సన్న జల్లెడలోంచి ఇసక రాలిపోద్ది, బ్లోయర్ గాలికి తాలు ఎగిరిపోద్ది. గింజ సైజు రాయి మాత్రం జల్లెడకి దొరకదు, దానికి డీస్టోనర్ అని రాళ్ళు ఏరే మెషిన్ వేరే కావాలి. తేమ కూడా ఇది తగ్గించదు, కళ్ళంలో ఎండబెట్టాల్సిందే, ఈ మాట రైతులకి ముందే చెప్పండని కుర్రాళ్ళకి గట్టిగా చెప్పేను. జల్లెడలు మార్చుకుంటే వరి తర్వాత వేసే మినుములు, పెసలకీ అదే మెషిన్ పనికొస్తాది, అదే నాకు బాగా నచ్చింది.

అద్దె కాగితం 11 నెలలకి రాయించేం. త్రీఫేజ్ కరెంటు బిల్లు వాళ్ళదే. దుమ్ము బయటికి పోకుండా సైక్లోన్ (గాలిలో దుమ్ముని పట్టే గొట్టం) పెట్టాలని కూడా రాయించేను, పక్కింట్లో ఆయాసంతో ఉన్న ముసలమ్మ ఉంది, ఆ విషయంలో మాత్రం నేను తగ్గను.