నేపుల్స్‌లో పంది తొడ గడియారం

ప్రయాణం అనగానే మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి "రాహుకాలం వెళ్లాక గడప దాటండే" అంటుంది. మేముండేది మ్యూనిక్‌లో, ఇక్కడి సూర్యోదయం సూర్యాస్తమయం చూసుకుని లెక్క కట్టాలి, పగలుని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం రాహుకాలం కదా, అది డిసెంబర్‌లో గంటకి కాస్త ఎక్కువ ఉంటే జూన్‌లో రెండు గంటలకి సాగుతుంది. ఈ సాగుడు అలవాటయ్యాక రోమన్ల టైమ్ గురించి చదివితే నాకేమీ కొత్తగా అనిపించలేదు, వాళ్లు పగలుని ఎనిమిది బదులు పన్నెండు చేశారు, అంతే. రోమ్‌లో నడిచలికాలం గంట మన 45 నిమిషాలు, నడి ఎండాకాలం గంట 75 నిమిషాలు. మన జ్యోతిషంలో హోర అనే మాట గ్రీకు నుంచి వచ్చిందే, రోమన్లు కూడా అదే మాట వాళ్ల దగ్గర తీసుకుని హోరా అన్నారు.

మేం నేపుల్స్ వెళ్లింది సెప్టెంబర్ చివర్లో, పగలు రాత్రి సమానమయ్యే రోజు దాటి రెండ్రోజులకి. ఆ టైమ్ కావాలనే ఎంచుకున్నాను, ఎందుకంటే అప్పుడు రోమన్ గంట మన గంట దాదాపు ఒకటే. నేను చూడాలనుకున్నది ఒకే ఒక్క వస్తువు, అక్కడి పురావస్తు మ్యూజియంలో ఉన్న జేబు సూర్య గడియారం. పంది తొడ ఆకారంలో ఉంటుంది, ఇటాలియన్ వాళ్లు ప్రొషుట్టో అని వేలాడదీస్తారే, అచ్చం అదే.

ముందురోజు రాత్రి హోటల్లో మావాడు (పదకొండేళ్లు) బిస్కెట్ ప్యాకెట్ అట్ట తీసుకుని దానికి పైన టూత్‌పిక్ అడ్డంగా గుచ్చాడు, బయటికి 5 సెంటీమీటర్లు ఉండేలా, పైన దారం కట్టాడు. నేపుల్స్ అక్షాంశానికి లెక్క కట్టి కింద గీతలు నేను గీశాను, మొదటి గంటకి 1 సెంటీమీటరు, రెండుకి 2, మూడుకి 3.2, నాలుగుకి 4.3, ఐదుకి 5.4, మధ్యాహ్నానికి 5.8. పొద్దున బాల్కనీలో వేలాడదీసి నీడ సరిగ్గా గీతల వరస మీద పడేదాకా తిప్పితే, ఫోన్‌లో పది కావస్తుండగా నీడ మూడో గీత దగ్గరుంది. ఇటలీలో సమ్మర్ టైమ్ నడుస్తోంది కాబట్టి సూర్యుడి లెక్కలో అది తొమ్మిది, అంటే తెల్లారి మూడు గంటలైంది, కరెక్టే. గాలికి అట్ట ఊగుతుంటే వాడు ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు.

ఇక మ్యూజియం. గాజు వెనకాల అది నిజంగా చిన్నది, అరచేతిలో పట్టేంత, కంచు మీద వెండి పూత. 1755లో, వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పూడిపోయిన హెర్క్యులేనియం అనే ఊళ్లో విల్లా దేయ్ పాపిరి అనే పెద్ద ఇంటిని తవ్వుతుంటే దొరికింది, కాలిపోయిన పాపిరస్ పుస్తకాల చుట్టలు వందల కొద్దీ దొరికిన ఇల్లు అదే. నీడ పడేసే ముల్లు ఏదంటే, ఆ పంది తోకే అట, 18వ శతాబ్దంలో చూసినవాళ్లు అలా రాసిపెట్టారు, ఇప్పుడది లేదు. అమెరికాలో క్రిస్టఫర్ పార్స్‌లో అనే ప్రొఫెసర్ 3డి ప్రింట్‌లో దీని నమూనా చేయించి తోక పెట్టి ఎండలో పరీక్షించాడు. పక్కమీద నిలువు గీతలు నెలలకి, అడ్డ గీతలు గంటలకి. అడ్డంగా ఆరు గంటలే చాలు, పొద్దున ఎంత ఎత్తులో ఉంటాడో సాయంత్రం కూడా సూర్యుడు అంతే ఎత్తులో ఉంటాడు కాబట్టి. అంటే ఈ గడియారం చూసేవాడికి ఇది ఏ నెలో, మధ్యాహ్నం దాటిందో లేదో ముందే తెలిసుండాలి.

నెలల పేర్లు రెండేసి అక్షరాల్లో కింద చెక్కారు, అందులో AU అని రాసిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. అది ఆగస్టు. ఆ నెలకి రోమన్ చక్రవర్తి అగస్టస్ పేరు పెట్టింది క్రీ.పూ. 8లో, వెసూవియస్ పేలింది క్రీ.శ. 79లో, ఈ వస్తువు చేసింది ఆ మధ్యలోనే అని ఆ రెండక్షరాలే సాక్ష్యం చెప్తున్నాయి. అదే విల్లాలో దొరికిన గెంతుతున్న పందిపిల్ల కంచు బొమ్మ కూడా ఆ మ్యూజియంలోనే ఉంది. ఆ ఇంట్లో ఎపిక్యూరస్ అనే గ్రీకు తత్వవేత్త తత్వం పుస్తకాలు బోలెడు దొరికాయి, ఆ తత్వం వాళ్లకి పంది ఒక గుర్తు, అందుకే ఈ ఆకారం ఊరికే సరదాకి చేయించింది కాదని నా నమ్మకం.

మర్నాడు మంగళవారం, మ్యూజియం సెలవు, వెసూవియస్ కిందే పూడిపోయిన ఇంకో ఊరు పాంపే వెళ్లాం. అపోలో గుడి మెట్ల పక్కన ఒక స్తంభం మీద సూర్య గడియారం ఉంది, ఊరి అధికారులు ఇద్దరు పెట్టించారని దాని మీద శాసనం. ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు స్తంభం నీడ బాగా పొట్టిగా అయింది, మావాడి అట్ట మీద నీడ ఆఖరి గీత పక్కనే ఉంది. ఐదో గంటకి ఆరో గంటకి మధ్య ఉన్నది 4 మిల్లీమీటర్లే, మధ్యాహ్నం పూట ఈ రకం గడియారం ఎంత కష్టమో అక్కడ తెలిసింది.

తర్వాత రోమ్‌లో ఒక్క రోజు. పార్లమెంటు ముందున్న మొంతెచితోరియో స్తంభం దగ్గరికి వెళ్లాం, అగస్టస్ ఈజిప్టు నుంచి తెప్పించి క్రీ.పూ. 10లో నీడ కొలవడానికి నిలబెట్టిన రాతి స్తంభం అది. ముప్పై ఏళ్లుగా అది తప్పు చూపిస్తోందని ఆ కాలం రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంతకుముందు క్రీ.పూ. 263లో సిసిలీలోని కతానియా నుంచి యుద్ధంలో కొల్లగొట్టిన సూర్య గడియారాన్ని రోమ్‌లో పెట్టారని, అది ఆ ఊరి అక్షాంశానికి చేసింది కాబట్టి సరిపోకపోయినా 99 ఏళ్లు దాన్నే పట్టుకున్నారని కూడా ఆయనే చెప్పాడు. ఆ ప్లినీ చనిపోయింది కూడా 79లోనే, వెసూవియస్ పేలినప్పుడు, ఈ పంది తొడ మట్టిలో కలిసిన రోజుల్లోనే. ఇది తల్చుకుంటే నాకు గొంతు పట్టేసింది.

మావాడు తన అట్ట తీసి మధ్యాహ్నం చూస్తే నీడ ఆఖరి గీతకి 2 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. రోమ్ నేపుల్స్‌కి ఒక్క డిగ్రీ ఉత్తరం, ఆ ఒక్క డిగ్రీకే మధ్యాహ్నం దగ్గర 40 నిమిషాల తేడా. తర్వాతి రోమన్లు ఊళ్ల పేర్లు, వాటి అక్షాంశాలు వెనకాల చెక్కి, ఎక్కడికెళ్తే అక్కడికి మార్చుకునే కంచు గడియారాలు చేశారు, ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఒకటుంది, అది ఎందుకు అవసరమైందో వాడికి నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. అట్ట వెనక్కి తిప్పి నేపుల్స్ 40.8, రోమ్ 41.9, మ్యూనిక్ 48.1 అని రాసి, "అమ్మా, అమ్మమ్మ వాళ్ల ఊరు?" అన్నాడు. తెనాలి 16.2 అని చెప్పి ఇద్దరం లెక్క కడితే అదే టూత్‌పిక్‌కి అక్కడ మధ్యాహ్నం నీడ 17 సెంటీమీటర్లు పడాలి, మా అట్ట అందులో సగం కూడా లేదు. ఇక మే మొదటి వారంలో సూర్యుడు నడినెత్తికొస్తే ఎంత పొడుగు అట్టైనా చాలదు.